రక్తపింజరకి రస్సెల్ పేరు ఎలా వచ్చింది? జంతువుల శాస్త్రీయనామాల్లో మనుషుల పేర్ల గురించి

మీరు నాలుగు సంగతులు కలిపి అడిగారు. రక్తపింజరని (ఇంగ్లీషులో రస్సెల్స్ వైపర్) రస్సెల్ అనే దొర కనిపెట్టి తన పేరు తనే పెట్టుకున్నాడా? ఒకే మనిషి పేరు ఒక్కో జంతువు దగ్గర ఒక్కో స్పెల్లింగులో ఎందుకుంటుంది? దొరల పేర్లు తీసేసి మన పేర్లు పెట్టుకోకూడదా? మీ ఊరి గుట్ట మీద మేకల కాపరి చూపించిన బల్లి కొత్త జాతి అని తేలితే దానికి మీ జువాలజీ మాస్టారి పేరు పెట్టొచ్చా? చాలా ఏళ్లుగా మ్యూజియం నమూనాలు, వాటి లేబుళ్లు, పాత వర్ణనలు చూసే పనిలోనే ఉన్నాను కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తున్నాను. ఓపిగ్గా చదవండి.

రస్సెల్‌తోనే మొదలుపెడదాం, ఎందుకంటే ఆయన కథ మన విశాఖపట్నంలోనే జరిగింది. ప్యాట్రిక్ రస్సెల్ 1727లో ఎడిన్‌బరోలో పుట్టిన వైద్యుడు. ముందు సిరియాలోని అలెప్పోలో పనిచేశాడు. 1780ల్లో ఈస్టిండియా కంపెనీలో ఉన్న తమ్ముడితో పాటు విశాఖకి వచ్చి, 1785లో కంపెనీ తరఫున ప్రకృతి పరిశోధకుడి ఉద్యోగంలో చేరాడు. పాముకాటుతో జనం చనిపోతుంటే ఏది విషప్పామో ఏది కాదో తేల్చే పద్ధతి ఒకటి కావాలని ఆయన తపన. పాముల్ని తెప్పించుకుని, కోరలు పరీక్షించి, విషం ఎంత పనిచేస్తుందో కోళ్ల మీద, కుక్కల మీద చూసి రాసుకున్నాడు. 1789లో ఇంగ్లండు వెళ్లిపోయాక, 1796లో కోరమాండల్ తీరపు పాముల మీద రంగు బొమ్మలతో పెద్ద పుస్తకం వచ్చింది.

ఆ పుస్తకంలో రక్తపింజర బొమ్మ దగ్గర లాటిన్ పేరు ఉండదు. ఇక్కడి వాళ్లు చెప్పిన పేరే ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటుంది: కాటుకరేకుల పొడ. పాముని ఎప్పుడైనా దగ్గరగా చూసి ఉంటే (దూరం నుంచే చూడండి, ఫోటోలో అయినా సరే) ఆ పేరు ఎంత సరిగ్గా కుదిరిందో తెలుస్తుంది. వీపు మీద మూడు వరసల్లో గోధుమరంగు మచ్చలు, ప్రతి మచ్చ చుట్టూ కాటుక దిద్దినట్టు నల్లటి అంచు, ఆ అంచు బయట సన్నటి తెల్ల గీత. రస్సెల్ చాలా పాములకి ఇలా జనం నోటి పేర్లే వాడాడు. స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ పద్ధతిలో రెండు మాటల లాటిన్ పేర్లు (మొదటి మాట ప్రజాతి, అంటే దగ్గరి జాతుల గుంపు పేరు; రెండోది జాతి పదం) పెట్టే పని ఆయన పెట్టుకోలేదు.

ఆ పని లండన్‌లో జార్జి షా చేశాడు. 1797లో షా, చిత్రకారుడు నాడర్ కలిసి తెస్తున్న పత్రికలో ఈ పాముకి కోల్యుబర్ రస్సెలీ అని పేరు పెట్టారు. అంటే రస్సెల్ తన పేరు తను పెట్టుకోలేదు. ఆయన చేసిన పనికి గౌరవంగా వేరేవాళ్లు పెట్టారు. ఇప్పుడు పూర్తి పేరు డబోయా రస్సెలీ (షా, నాడర్, 1797) అని రాస్తారు. పేరు చివర కనబడే మనుషులు పేరు పెట్టినవాళ్లు, పేరు లోపల కనబడే మనిషి గౌరవం పొందినవాడు. ఈ రెండిటినీ కలిపేయడం వల్లే చాలామందికి అనుమానం వస్తుంది. షా పేరు కుండలీకరణాల్లో ఎందుకుందంటే ఆయన పెట్టిన ప్రజాతి కోల్యుబర్, ఇప్పుడు ఆ పాము ఉన్న ప్రజాతి డబోయా. ప్రజాతి మారితే మొదటి కర్త పేరు కుండలీకరణాల్లోకి వెళ్తుంది. మారకపోతే బయటే ఉంటుంది.

షా పెట్టిన ఆరేళ్లకి, 1803లో, ఫ్రాన్సులో డోదాఁ అనే ఆయన ఇదే పాముకి వైపెరా ఎలిగాన్స్ అని ఇంకో పేరు పెట్టాడు. అందమైన పేరే, కానీ చెల్లలేదు. ముందు ప్రచురించిన పేరుకే హక్కు అన్నది ఈ పద్ధతికి మూలస్తంభం. జంతువుల విషయంలో లెక్క 1758 జనవరి 1 నుంచి మొదలవుతుంది, అంటే లినేయస్ గ్రంథం పదో కూర్పు నుంచి. అంతకు ముందు పెట్టినవి ఎంత పేరున్నవాళ్లు పెట్టినా లెక్కలోకి రావు.

కాబట్టి రక్తపింజరని రస్సెల్ "కనిపెట్టాడు" అనడం తప్పు. ఆయన రాకముందే దానికి ఇక్కడ పేరుంది, దాని కాటు ఎలాంటిదో రైతులకి తెలుసు. ఆయన చేసింది దాన్ని బొమ్మతో, కొలతలతో, విషం పరీక్షలతో నమోదు చెయ్యడం. అది చిన్న పని కాదు, ఆ గౌరవానికి ఆయన తగినవాడే అని నా అభిప్రాయం. ఇంకో మాట కూడా చెప్పాలి. ఆయన మన పేర్లని అలా రాసి పెట్టడం వల్ల తెలుగు ఈ లాటిన్ పేర్లలోకి కూడా వెళ్లింది. కట్లపాముల ప్రజాతి పేరు బంగారస్. ఆయన రాసుకున్న "బంగారు పాము" లోంచి వచ్చిందే అది. 1803లో విశాఖ చేపల మీద వచ్చిన ఆయన రెండో పుస్తకంలోని వాలుగ చేప పేరు వల్లాగో అనే ప్రజాతి అయింది.

ఇక స్పెల్లింగు. మీరు రస్సెల్ పేరు రెండు రకాలుగా చూశానన్నారు. నిజానికి మూడు రకాలుగా ఉంది. ఆయన ఇంటిపేరు చివర ఇంగ్లీషులో రెండు ఎల్‌లు. రక్తపింజర పేరులో ఒకే ఎల్, చివర రెండు ఐలు. బంగాళాఖాతంలో దొరికే స్కాడ్ చేప డెకాప్టెరస్ రస్సెల్లీకి 1830లో రూపెల్ పేరు పెట్టాడు, అందులో రెండు ఎల్‌లు, ఒకే ఐ. లూట్యానస్ రస్సెల్లీ అనే స్నాపర్ చేపకి బ్లేకర్ 1849లో పెట్టాడు, అందులో రెండు ఎల్‌లు, రెండు ఐలు. అందరూ గౌరవించింది ఆ ఒక్క రస్సెల్‌నే.

ఇది ఎవరి నిర్లక్ష్యమూ కాదు. లాటిన్‌లో "ఫలానావాడి" అనడానికి షష్ఠీ విభక్తి వాడాలి. మగవాడి పేరైతే నేరుగా చివర ఒక ఐ చేర్చొచ్చు: జెర్డాన్ అనే పేరు నుంచి జెర్డోని. లేదా ముందు పేరుని లాటిన్‌లా మార్చి, అంటే జెర్డోనియస్ అని చేసి, దానికి షష్ఠి చేస్తే రెండు ఐలు వస్తాయి. రెండూ సరైనవే. మొదటి ప్రచురణలో ఏది రాస్తే అదే శాశ్వతం. తర్వాత వచ్చినవాళ్లు ఒక ఐని రెండు చెయ్యడానికీ రెంటిని ఒకటి చెయ్యడానికీ లేదని జంతునామకరణ అంతర్జాతీయ నియమావళి స్పష్టంగా చెబుతుంది. ఎల్ సంగతీ దాదాపు అంతే. షా ఒక ఎల్‌తో రాశాడు. అది పొరపాటున పడిన అచ్చుతప్పు అనడానికి ఆ ప్రచురణలోనే సాక్ష్యం ఉంటే తప్ప దిద్దకూడదు. మనిషి అసలు పేరుకి రెండు ఎల్‌లు ఉన్నాయన్నది బయటి సమాచారం, అది సరిపోదు. చాలాకాలం పుస్తకాల్లో రెండు ఎల్‌లతోనే నడిచింది. తర్వాత మూల ప్రచురణని చూసి ఒక ఎల్‌కి తిరిగొచ్చారు. అందుకే మీకు పాత పుస్తకంలో ఒకటి, కొత్త పుస్తకంలో ఇంకొకటి కనబడింది.

పక్షిశాస్త్రవేత్త సలీం అలీ పేరు మీద ఒక గబ్బిలానికి పెట్టిన సలీమలీ చివర రెండు ఐలు చూసి ఇదీ అదే బాపతు అనుకోకండి. అక్కడ ఒక ఐ ఆయన పేరులోదే, రెండోది విభక్తి.

మిగతా రూపాలు త్వరగా చెప్పేస్తాను. ఆడవాళ్ల పేరైతే ఐ బదులు ఏ, ఈ అక్షరాలు రెండూ చేరతాయి. వృక్షశాస్త్రవేత్త జానకి అమ్మాళ్ గౌరవార్థం 2019లో పడమటి కనుమల బల్లి ఒకదానికి ద్రవిడోగెక్కో జానకియే అని పెట్టారు. ఒక గుంపు మనుషులకైతే చివర "ఓరమ్" వస్తుంది, దాని ఉదాహరణ కింద వస్తుంది. మనిషి పేరుని విశేషణం చేసి కూడా వాడొచ్చు. తూర్పు కనుమల బండల మీద ఎండ కాచుకునే తొండ ఒకటుంది, సామోఫిలస్ బ్లాన్‌ఫోర్డానస్. అది బ్లాన్‌ఫోర్డ్ అనే భూగర్భశాస్త్రవేత్త పేరు. విశేషణం కాబట్టి ప్రజాతి పేరు లింగాన్ని బట్టి చివర మారుతుంది. మొదట స్త్రీలింగమైన ప్రజాతిలో ఉన్నప్పుడు అది బ్లాన్‌ఫోర్డానా. షష్ఠీ రూపాలకి ఈ బాధ లేదు, ప్రజాతి ఎన్నిసార్లు మారినా జెర్డోని జెర్డోనిగానే ఉంటుంది. ఇంకొకటి, ఎంత గొప్ప మనిషి పేరైనా జాతి పదం చిన్న అక్షరంతోనే మొదలవ్వాలి. పెద్ద అక్షరం ప్రజాతికి మాత్రమే. మనవాళ్లు వార్తల్లో, పోస్టర్లలో ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే.

ఈ పేర్లని వరసగా చదివితే ఆ కాలంలో ఎవరు ఎవరితో కలిసి పనిచేశారో తెలిసిపోతుంది. నాకు ఇవంటే ఇష్టం అందుకే. థామస్ జెర్డాన్ మద్రాసు సైన్యంలో సర్జన్. గంజాంలో, నెల్లూరులో ఉద్యోగం చేస్తూ పక్షుల్ని సేకరించాడు. ఎడ్వర్డ్ బ్లైత్ కలకత్తాలో ఆసియాటిక్ సొసైటీ మ్యూజియం చూసుకునేవాడు. జెర్డాన్ నమూనాలు పంపితే బ్లైత్ పరిశీలించి పేర్లు పెట్టేవాడు. అవిసెడా జెర్డోని అనే వేటపక్షికి 1842లో, క్లోరోప్సిస్ జెర్డోని అనే ఆకుపచ్చ పిట్టకి 1844లో బ్లైత్ జెర్డాన్ పేరు పెట్టాడు. తర్వాత 1870లో జెర్డాన్ వంతు వచ్చింది. ఇప్పుడు నాగాలాండ్ రాష్ట్రపక్షిగా ఉన్న ఆ ఎర్రమెడ కోడిజాతి పక్షికి ట్రాగోపాన్ బ్లైతీ అని పేరు పెట్టాడు. భూగర్భశాస్త్రవేత్తలు బ్లాన్‌ఫోర్డ్, స్టొలిచ్కాల సంగతీ ఇలాంటిదే. పైన చెప్పిన బండతొండకి 1871లో బ్లాన్‌ఫోర్డ్ పేరు పెట్టింది స్టొలిచ్కా. 1874లో యార్కండ్ యాత్ర నుంచి తిరిగొస్తూ లద్దాఖ్‌లో స్టొలిచ్కా చనిపోయాడు. ఆ మరుసటి ఏడు బ్లాన్‌ఫోర్డ్ ఒక కొండ ఎలుకకి ఆల్టికోలా స్టొలిచ్కానస్ అని పేరు పెట్టాడు.

గబ్బిలాల్లో ఇంకో గొలుసుంది. 1948లో తమిళనాడులోని మేఘమలై కొండల్లో తోటల సాగు చూసుకునే ఆంగస్ హటన్ అనే ఆయన ఒక పండ్లు తినే గబ్బిలాన్ని పట్టి పంపాడు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీలో అది మామూలు పొట్టిముక్కు గబ్బిలం అన్న లేబుల్‌తో ఏళ్ల తరబడి పడి ఉంది. థాయిలాండ్ నుంచి వచ్చిన కిట్టి థాంగ్‌లాంగ్యా ఆ నమూనా పళ్లూ పుర్రే చూసి, ఇది కొత్త జాతే కాదు, కొత్త ప్రజాతి అని గుర్తుపట్టాడు. 1972లో లాటిడెన్స్ సలీమలీ అని పేరు పెట్టాడు. ఆ తర్వాత తన దేశంలోనే, కాంచనబురి గుహల్లో, రెండు గ్రాముల బరువుండే బుల్లి గబ్బిలం ఒకటి ఆయన కంటబడింది. దాన్ని వర్ణించే లోపే 1974లో కన్నుమూశాడు. లండన్ మ్యూజియంలోని జాన్ ఎడ్వర్డ్స్ హిల్ ఆ పని పూర్తిచేసి క్రాసియోనిక్టెరిస్ థాంగ్‌లాంగ్యాయి అని పేరు పెట్టాడు. సలీం అలీకి గౌరవం ఇచ్చిన చెయ్యి రెండేళ్లకే ఇంకొకరి చేతుల మీదుగా గౌరవం అందుకుంది. మొదట గబ్బిలాన్ని పట్టిన హటన్ పేరు మాత్రం జాతిపేరులో లేదు. దీని గురించి మళ్లీ వస్తాను.

ఇంటిపేరు ఒకటే చూసి మనిషిని తేల్చకండి. గోలుండా ఎల్లియోటి అని మన పొలం గట్ల పొదల్లో తిరిగే ఎలుక ఉంది, 1837లో గ్రే పెట్టిన పేరు. అనాథానా ఎల్లియోటి అని చెట్లెక్కే చుంచు లాంటి జంతువు ఉంది, 1850లో వాటర్‌హౌస్ పెట్టింది. ఈ రెండూ సర్ వాల్టర్ ఎలియట్ పేర్లు. ఆయన మనకి బాగా కావలసినవాడు. ఉత్తర సర్కారుల కమిషనరుగా ఉన్నాడు, 1845లో అమరావతి స్తూపం తవ్వించాడు, ఆ శిల్పాలే ఇప్పుడు లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. 1859లో తెలుగు జిల్లాల మొక్కల తెలుగు పేర్ల జాబితా కూడా అచ్చు వేయించాడు. అయితే చైనాలో సిర్మాటికస్ ఎల్లియోటి అని ఒక నెమలికోడి ఉంది. అది డేనియల్ జిరాడ్ ఎలియట్ అనే అమెరికన్ పేరు, మన ఎలియట్‌కి ఏ సంబంధమూ లేదు. అందుకే మూల వర్ణనలో "పేరు వెనక కథ" అని ఉండే పేరా చదవకుండా ఎవరి పేరో చెప్పకూడదు. ఇప్పటి పరిశోధన పత్రాల్లో ఆ పేరా దాదాపు ఎప్పుడూ ఉంటుంది. పాతవాటిలో చాలాసార్లు ఉండదు, వెతుక్కోవాలి.

ఇప్పుడు మీ మూడో ప్రశ్న: దొరల పేర్లు తీసెయ్యొచ్చా? ముందు రెండు వేరు పేర్ల పద్ధతులు ఉన్నాయని గుర్తుంచుకోవాలి. కడప లంకమల అడవుల కలివికోడిని ఇంగ్లీషులో జెర్డాన్స్ కోర్సర్ అంటారు. దాని శాస్త్రీయనామం రైనోప్టిలస్ బైటార్క్వేటస్, బ్లైత్ 1848లో పెట్టింది. అందులో జెర్డాన్ లేడు, మెడ కింద రెండు పట్టీలు ఉన్న సంగతే ఉంది. ఇంగ్లీషు పేరు ఆయా దేశాల పక్షిశాస్త్ర సంఘాల చేతిలో ఉంటుంది, కావాలంటే మారుస్తారు. అమెరికాలో మెక్‌కౌన్స్ లాంగ్‌స్పర్ అనే పిట్ట పేరు అలాగే 2020లో మార్చారు, ఎందుకంటే మెక్‌కౌన్ అంతర్యుద్ధంలో బానిసత్వాన్ని సమర్థించిన పక్షాన పోరాడిన సైన్యాధికారి. 2023 నవంబరులో అమెరికన్ ఆర్నిథలాజికల్ సొసైటీ తన పరిధిలో మనుషుల పేర్లున్న పక్షులన్నిటికీ కొత్త ఇంగ్లీషు పేర్లు పెడతామని ప్రకటించింది. కానీ ఆ పిట్ట శాస్త్రీయనామంలో మెక్‌కౌనీ ఇప్పటికీ అలాగే ఉంది.

శాస్త్రీయనామం అంత తేలిగ్గా మారదు. నైతిక కారణాల మీద పేర్లు మార్చే పని పెట్టుకోబోమని జంతునామకరణ అంతర్జాతీయ కమిషన్ సభ్యులు 2023లో వివరంగా రాశారు. స్లొవేనియా గుహల్లో ఉండే కళ్లులేని పురుగు ఒకటుంది, అనాఫ్తాల్మస్ హిట్లెరీ. షైబెల్ అనే ఆయన 1937లో ఆ పేరు పెట్టాడు. అదీ మారలేదు. పైగా ఆ పేరు మీద మోజుతో సేకరించేవాళ్లు ఆ పురుగుల వెంటపడ్డారు. అది చదివితే ఎవరికైనా ఒళ్లు మండుతుంది, నాకూ మండుతుంది.

అయినా పాత పేర్లని ఊడబెరకడం నాకు ఇష్టం లేదు, కారణం రక్తపింజరే. మన దగ్గర వాడే పాముకాటు విరుగుడు మందు నాలుగు పాములకి పనిచేస్తుంది: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, ఇసుకపింజర. మందుల పత్రాల్లో, ఆసుపత్రి రికార్డుల్లో, విషం మీద రెండు వందల ఏళ్ల పరిశోధనల్లో ఆ పాముని వెతికి పట్టుకునే తాళంచెవి ఆ రస్సెలీ అన్న మాటే. ప్రజాతి వైపెరా నుంచి డబోయాకి మారినప్పుడే ఎంత గందరగోళమో వైద్యుల్ని అడగండి. 2007లో బర్మా, థాయిలాండ్ వైపు ఉండే రక్తపింజరని డబోయా సయామెన్సిస్ అని వేరే జాతిగా విడదీశారు. అప్పుడు మన పాముకి రస్సెలీ నిలబడింది, ఎందుకంటే ఆ పేరు మొదట కట్టింది ఇక్కడి పాముకే. పేరు ఒక నమూనాకి, ఒక చోటుకి, ఒక ప్రచురణకి కట్టి ఉండటం వల్లే ఇలాంటి విభజన తగాదా లేకుండా జరిగింది.

నా బాధ వేరే చోట ఉంది. దొరల పేర్లు ఉండటం కాదు, వాళ్లకి ఆ జంతువుల్ని చూపించినవాళ్ల పేర్లు లేకపోవడం. నెల్లూరులో ఉన్నప్పుడు జెర్డాన్‌కి అక్కడి జంతువుల విషయాలు చెప్పింది యానాదులు. రస్సెల్‌కి ప్రతి పాము పేరూ ఎవరో ఒకరు చెప్పి ఉండాలి కదా. కలివికోడి 1900 తర్వాత ఎవరికీ కనబడక, ఇక లేదనుకున్నారు. బొంబాయి సొసైటీ తరఫున భరత్ భూషణ్ వెతుక్కుంటూ కడప జిల్లాకి వచ్చాడు. 1986 జనవరిలో ఒక రాత్రి లైటు వెలుగులో ఆ పక్షిని చేత్తో పట్టుకున్నది ఐతన్న అనే అక్కడి పిట్టలు పట్టే మనిషి. ప్రపంచమంతా చదివిన వార్త అది. ఆ అడవిని అభయారణ్యంగా ప్రకటించడానికి దారి తీసింది కూడా అదే. అలాంటి చూపు, ఆ నేర్పు ఏ డిగ్రీతోనూ రావు.

కాబట్టి కొత్త పేర్లు పెట్టే అవకాశం మన చేతికి వచ్చినప్పుడైనా ఆ లోటు తీర్చాలి. అరుణాచల్‌లో ఈగిల్‌నెస్ట్ అడవుల్లో రమణ ఆత్రేయ 2006లో ఒక కొత్త పక్షిని వర్ణించాడు. ఆయన వృత్తిరీత్యా ఖగోళశాస్త్రవేత్త. పక్షులు మరీ కొద్దిగా ఉన్నాయని ఒక్కదాన్ని కూడా చంపలేదు, వలలో పట్టి, కొలిచి, ఫోటోలు తీసి, రాలిన ఈకలు ఉంచుకుని వదిలేశాడు. పేరు లియోసిక్లా బుగునోరమ్. అంటే బుగున్‌ల పక్షి, ఆ అడవుల పక్కన ఉండే బుగున్ తెగ వాళ్ల పేరు. అదే పైన చెప్పిన "ఓరమ్" రూపం. నాకు తెలిసి మన దేశంలో ఇంత ఆలోచించి పెట్టిన పేర్లు తక్కువ.

ఇక మీ బల్లి. మాస్టారి పేరు పెట్టొచ్చు, నియమావళి ప్రకారం ఏ అడ్డూ లేదు. తన పేరు తను పెట్టుకోకూడదని కూడా నియమం లేదు, అది మర్యాద కాదంతే, దాదాపు ఎవరూ చెయ్యరు. బతికున్న మనిషి పేరైతే ముందు ఆయన్ని అడగండి. మన తెలుగు పేర్లతో వచ్చే చిక్కు ఇంటిపేరా, పెట్టిన పేరా అన్నది. పెట్టిన పేరే వాడమంటాను, ఎందుకంటే ఒక ఇంటిపేరుతో వందలమంది ఉంటారు. పేరు చివర ఉకారమున్నా సరే, దాన్ని అలాగే ఉంచి ఐ చేర్చండి, పేరుని నరికి లాటిన్‌లా చెయ్యకండి. చుక్కలూ దీర్ఘం గుర్తులూ పనికిరావు, ఇరవయ్యారు ఇంగ్లీషు అక్షరాలే. అదే ప్రజాతిలో ఆ పేరు ఇంకెవరూ ఇంతకు ముందు పెట్టలేదని చూసుకోండి, పెట్టి ఉంటే మీది చెల్లదు.

అయితే దానికి ముందు పని చాలా ఉంది. దక్కన్‌లో హెమిడాక్టైలస్ బల్లులు ఎన్నో జాతులు, పైకి ఒకేలా కనబడతాయి. మీ బల్లి వేరు అని చెప్పాలంటే దగ్గరి జాతులన్నిటి మూల నమూనాలతో (పేరు పెట్టినప్పుడు ఆధారంగా తీసుకున్నవి) పోల్చాలి, డీఎన్‌ఏ కూడా చూడాలి. నమూనా పట్టడానికి అటవీశాఖ అనుమతి కావాలి, గుట్ట అభయారణ్యంలో లేకపోయినా అడగడం మంచిది. జీవవైవిధ్య చట్టం ప్రకారం కొత్త జాతి మూల నమూనాని ప్రభుత్వం గుర్తించిన భాండాగారంలో జమ చెయ్యాలి. జూలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకి హైదరాబాదులో ప్రాంతీయ కేంద్రం ఉంది, మీకు దగ్గర అదే. ఒంటరిగా దిగకండి, ఆ బల్లుల కుటుంబం మీద ఇప్పటికే పరిశోధన చేస్తున్నవాళ్లతో కలవండి. పత్రం ఆన్‌లైన్‌లో మాత్రమే వస్తుంటే జూబ్యాంక్‌లో (జంతువుల శాస్త్రీయనామాల ఆన్‌లైన్ రిజిస్టరు) ముందే నమోదు చేసి, ఆ సంగతి పత్రంలో రాయాలి. లేకపోతే పేరు పుట్టనట్టే. వర్ణన లేకుండా పేరు ఒక్కటే ఎక్కడైనా వేస్తే అది వట్టి పేరు, దానికి ఏ హక్కూ ఉండదు. అందుకే మీరు అనుకుంటున్న పేరుని అచ్చయ్యేదాకా ఇక్కడ గానీ ఫేస్‌బుక్‌లో గానీ రాయకండి.

మాస్టారితో పాటు మేకల కాపరి సంగతి కూడా ఆలోచించండి. బల్లిని బండ సందులో మొదట చూసింది ఆయన, రాత్రిపూట మిమ్మల్ని అక్కడికి తీసుకెళ్లింది ఆయన అని మీరే రాశారు. ఆయన పేరు పెట్టండి అని నేను అనను, ఆ నిర్ణయం మీది, మీతో కలిసి రాసేవాళ్లది. కానీ నన్నడిగితే ఈ బల్లికి ఆయన పేరే ముందు. మీ మాస్టారికి ఈ విషయం చెప్పి చూడండి. మంచి మాస్టారైతే ఆయనా ఇదే అంటారు. అంత దూరం వెళ్లకపోయినా కృతజ్ఞతల పేరాలో "స్థానికుల సహాయంతో" అని ఒక్క ముక్క రాసి వదిలెయ్యకుండా, ఆయన ఒప్పుకుంటే పేరూ ఊరూ రాయండి.

ప్రస్తుతానికి బల్లి వేళ్ల అడుగు భాగం, మగదైతే తొడల కింద ఉండే రంధ్రాల వరస, వీపు మీది బొడిపెలు స్పష్టంగా కనబడేలా ఫోటోలు తీసి పెట్టండి. పక్కన స్కేలు పెట్టడం మరవకండి. గుట్ట పేరు, జీపీఎస్ లెక్కలు మాత్రం ఇక్కడ వెయ్యొద్దు. గుత్తిలో 1899లో పోకాక్ వర్ణించిన నీలం సాలీడు పోసిలోథీరియా మెటాలికా ఆ తర్వాత నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో మళ్లీ దొరికింది. ఇప్పుడది విదేశాల్లో పెంపుడు జంతువుల వ్యాపారంలో అమ్ముడుపోతోంది. చోటు వివరాలు నాకు విడిగా మెసేజ్ చెయ్యండి.